చల్లగా తిరిగిన మోటారు

తొమ్మిదో భాగం

అది మార్చి పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు. మిగతా సగం ఏమైందో ఇప్పటికీ తెలియదు. ఫోను మోగినప్పుడు చేతిలోనే ఉంది.

ఆ ఫోను ఆస్పత్రి లిఫ్టాయన చేశాడన్న దగ్గర కిందటి వారం ఆగాను. కొత్తగా చదువుతున్నవారికి రెండు మాటలు. మాది మోటార్లు బాగుచేసే వర్క్‌షాపు. పనిచేసేది ఇద్దరం: నేనూ, నా బావమరిదీ. చేతిలో ఎప్పుడూ పట్టకారు ఉంటుంది గనక చిన్నప్పటి నుంచీ మా అమ్మాయి అతన్ని పట్టకారు మావయ్య అంటుంది. ఆ పేరే అందరికీ అలవాటైంది. నా భార్య పోయి మూడేళ్లయింది. అమ్మాయి ఆస్పత్రిలో నాలుగో అంతస్తు ఆపరేషన్ థియేటర్లో నర్సు. ఆ ఆస్పత్రి లిఫ్టు మోటారు లోపల కడ్డీలు వదులై గరగరమంటుంటే మేమే విప్పి, కొత్త కడ్డీలు వేసి, పన్నెండు రోజుల క్రితం తిరిగి బిగించి వచ్చాం.

“సార్, మీరు చేసిన మోటారు బంగారం,” అని మొదలుపెట్టాడు లిఫ్టాయన. “పాతది పొయ్యిలా కాలేది, ఇదేమో మంచినీళ్ల కుండే. చెయ్యి పెట్టి చూశా. కానీ ఒక మాట సార్. నిన్న సాయంత్రం జనం నిండుగా ఉన్నారు. రెండో అంతస్తులో ఆపి మళ్లీ పైకి తిప్పితే, ముందు బెత్తెడు కిందికి జారింది. ఆ తర్వాతే ఎక్కింది.”

“కిందికా?”

“కిందికే సార్. ఒక్కసారే. నా భ్రమేమో మరి. ఎందుకు చెప్తున్నానంటే, ఇవాళ నాలుగు నుంచి ఆరు దాకా వీధిలో లైను పనంట, కరెంటు ఉండదు. జనరేటరు మీద నడపాలి.”

“రేపు పొద్దున్నే వచ్చి చూస్తాను,” అన్నాను.

ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. బ్రేకు పట్టీ అరిగిందేమో అనుకున్నాను. చల్లగా తిరిగే మోటారును అనుమానించడం నా వృత్తిలో ఎవరికీ అలవాటు లేదు.

అయినా మనసు కుదురుగా లేదు. పావు తక్కువ నాలుగింటికి లేచి లోపలి గదిలోకి వెళ్లాను. పట్టకారు బల్ల మీద ఏదో చిన్న పంపు విప్పుతున్నాడు. నా టీ గ్లాసు మీద సాసరు బోర్లించి పెట్టాడు. నేను తాగడం మరచిపోతానని అతనికి తెలుసు. ఈ పని ఒకప్పుడు వాళ్లక్క చేసేది. ఆమె పోయిన మర్నాటి నుంచి, ఎవరూ చెప్పకుండానే, అతను చేస్తున్నాడు.

“ఒరేయ్, ఆస్పత్రి మోటారుకి పాత కడ్డీలు ఎలా ఉన్నాయో అలాగే వేశావా?”

“అలాగే వేస్తే నేనెందుకు బావా? వాటికంటే మంచివి వేశాను.”

“మంచివంటే?”

అతను చేతిలోని పట్టకారు కింద పెట్టాడు. ముఖంలో కాస్త గర్వం కనబడింది. “పాతవి విప్పి చూస్తే రంగు తేడాగా ఉంది. గీరి చూశా. ఇత్తడి! రాగి వేయాల్సిన చోట ఇత్తడి వేసి డబ్బులు మిగుల్చుకున్నాడు ఎవడో దొంగ. ఆస్పత్రి కదా, మన పిల్ల పనిచేసే చోటు కదా అని నేను అసలైన రాగి వేశాను. ఆ ఎక్కువ ఖర్చు మీకు చెప్పలేదు. నా చేతి నుంచే పెట్టుకున్నా.”

ఆ మాటలో ఏదో తప్పుందనిపించింది. ఎందుకో వెంటనే తట్టలేదు. లోపల ఎక్కడో ఒక పాత జ్ఞాపకం తలుపు తడుతోంది, నేను తీయలేకపోతున్నాను. నా చూపు గోడ మీది అరల మీదికి వెళ్లింది.

ఆ అరల నిండా బిస్కెట్ డబ్బాలు ఉన్నాయి. అవి నా భార్యవి. ఏ మోటారు విప్పినా పాత కడ్డీలోంచో తీగలోంచో గోరంత ముక్క కోసి, దారంతో చీటీ కట్టి, డబ్బాలో వేసేది. ఆమె లెక్కల టీచరు. సాయంత్రాలు వచ్చి మా వర్క్‌షాపులో ఈ ఒక్క పని చేసి వెళ్లేది. “మీ ఇద్దరికీ చేతుల్లో ఉన్నంత జ్ఞాపకం తలలో లేదు,” అనేది. మూడేళ్లుగా ఎవరూ ఆ డబ్బాల్లో ముక్క వేయలేదు. పని ఎవరిదో రాసుకోవడం కూడా మానేశాం. వచ్చిన మోటారు వచ్చినట్టు చేసి, అడిగినవాళ్లకు ఇచ్చి పంపేస్తున్నాం.

‘ఆ’ అని రాసి ఉన్న డబ్బా దించాను. కంటి ఆపరేషనై నెల తిరగలేదు, నల్ల కళ్లద్దాల్లోంచి అక్షరాలు అలుక్కుపోతున్నాయి. “నువ్వు చదువు,” అని చీటీ అతనికిచ్చాను. ఒకే దారానికి రెండు లోహపు ముక్కలు కట్టి ఉన్నాయి. అతను తన అక్క చేతిరాతను కాసేపు ఊరికే చూశాడు. తర్వాత చదివాడు.

“‘ఆస్పత్రి లిఫ్టు. మోటార్లు రెండు. కడ్డీలు ఇత్తడి. రాగి వేయకూడదు. ఎందుకని అడిగితే ఆయన చెబుతారు.’”

కింద తేదీ ఉంది. పదకొండేళ్ల క్రితంది. అప్పటికి పట్టకారు వేరే వర్క్‌షాపులో పనిచేసేవాడు, ఇంకా మా దగ్గర చేరలేదు.

“ఆయనంటే మీరేనా బావా?” అన్నాడు మెల్లగా.

ఇత్తడి వేసిన ఆ దొంగను నేనే. తెలిసి, కావాలని, ఆ మోటారుకు ఏది సరైనదో లెక్క కట్టి వేశాను. పైగా ఆమెకు కూర్చోబెట్టి వివరించాను కూడా. ఆమె రాసిపెట్టుకుంది, నేను మరచిపోయాను.

“చెప్పండి మరి,” అన్నాడు. “ఎందుకు వేయకూడదు?”

“మోటారు లోపల తిరిగేది ఒక పంజరం. చుట్టూ కడ్డీలు, రెండు కొసలా రెండు రింగులు. రాగి కడ్డీల్లో కరెంటు సాఫీగా పోతుంది, వేడి తక్కువ. అల్యూమినియమైతే ఇంకాస్త కాలుతుంది, ఇత్తడి ఇంకా కాలుతుంది. నీళ్ల పంపుకో ఫ్యానుకో రాగి వేస్తే అంతకంటే కావాల్సింది లేదు. వాటికి మొదట్లో బరువు ఉండదు. లిఫ్టు అలా కాదు. నిలబడ్డ చోటు నుంచి నిండు బరువును ఒక్కసారి ఎత్తాలి. నున్నటి గచ్చు మీద నిలబడి బరువైన బీరువాను తోసి చూడు, కాలు జారుతుంది. గరుకు నేల మీదైతే కాలు నిలుస్తుంది. ఇత్తడి గరుకు నేల. కాలుతుంది, కానీ నిలబడి తోస్తుంది. రాగి తిరగడం మొదలుపెట్టాక మహారాజే. మొదలుపెట్టేటప్పుడు మాత్రం ఎక్కడ లేని కరెంటూ తాగి, తోపు మాత్రం కొంచెమే ఇస్తుంది.”

“మరి ఇన్నాళ్లూ ఎక్కింది కదా?”

“వీధి కరెంటు గట్టిగా ఉంది గనక ఏదో ఎక్కింది. జనరేటరు మీద ఆ తాగుడికి వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి పదో వంతు తగ్గితే తోపు అయిదో వంతు తగ్గుతుంది. బ్రేకు వదులుతుంది, మోటారు తోయలేదు. అప్పుడు…”

ఇద్దరం గోడ గడియారం చూశాం. నాలుగు దాటి ఏడు నిమిషాలు.

“మీరు పరీక్ష చేశారు కదా బావా,” అన్నాడు. నింద కాదు, చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు. “చెయ్యి పెట్టి, చల్లగా ఉందిరా, శభాష్ అన్నారు కదా.”

అన్నాను. బరువేమీ తగిలించకుండా ఊరికే తిప్పి, అరచెయ్యి ఆనించి, మురిసిపోయి, కాగితం మీద సంతకం పెట్టాను.

లిఫ్టాయన ఫోను చేసింది ఆస్పత్రి ఆఫీసు నుంచి, ఆ నంబరుకే చేశాను. మోగి మోగి ఆగింది. అమ్మాయికి చేశాను. డ్యూటీలో ఫోను లాకర్లో పెడుతుందని తెలిసీ మూడుసార్లు చేశాను. పట్టకారు అప్పటికే స్కూటరు తీశాడు. దారిలో ఒక మలుపు దగ్గర అతను, “గట్టిగా పట్టుకోండి,” అన్నాడు. అప్పటికే అతని చొక్కాను పిడికిళ్లతో పట్టుకుని ఉన్నానని నాకు తెలియలేదు.

ఆస్పత్రి గుమ్మంలో జనరేటరు చప్పుడు వినబడుతోంది. వాచ్‌మన్ అడ్డొచ్చాడు.

“లిఫ్టు ఎక్కడుంది?”

“ఇప్పుడే పైకెళ్లింది. ఎమర్జెన్సీ కేసు. రెండో అంతస్తులో డాక్టర్లని ఎక్కించుకుని థియేటర్‌కి పోతుంది. మీరు మెట్లెక్కండి.”

“నువ్వు పైకి పరుగెత్తు,” అన్నాను పట్టకారుతో. “డాబా మీద మోటారు గది. స్విచ్చు లాగెయ్. ఎవరేమన్నా వినకు.”

అతను రెండేసి మెట్లు దూకుతూ మాయమయ్యాడు. నేను నా వయసుకు తగ్గట్టు ఎక్కాను. పాత భవనం గనక మెట్లు లిఫ్టు గూడు చుట్టూనే తిరుగుతాయి, మధ్యలో ఇనప జాలీ మాత్రమే అడ్డు. జాలీలోంచి పైన ఆగి ఉన్న లిఫ్టు అడుగు కనిపిస్తోంది. చక్రాలు దొర్లిన చప్పుడు, సిలిండరు పెట్టిన చప్పుడు. అంటే ఇంకా బరువెక్కుతోంది. అరిచాను, జనరేటరు చప్పుడులో కలిసిపోయింది.

రెండో అంతస్తు మెట్టు మీద కాలు పెట్టేసరికి లిఫ్టాయన జాలీ తలుపు లాగుతున్నాడు. లోపల స్ట్రెచరు మీద ఒక మనిషి, ఇద్దరు డాక్టర్లు, ఒక వార్డుబాయ్, ఆక్సిజన్ సిలిండరు. స్ట్రెచరు తల దగ్గర, సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని, మా అమ్మాయి.

“ఆపు! తిప్పకు!”

అందరూ నా వైపు తిరిగారు. లిఫ్టాయన చెయ్యి అప్పటికే పిడిని తిప్పేసింది.

పైన ఎక్కడో బ్రేకు టక్కుమని వదిలింది. మోటారు గర్జించింది. దీపాలు ఎర్రగా కమిలాయి. రెండు క్షణాల పాటు లిఫ్టు అటూ ఇటూ కాకుండా వణుకుతూ నిలబడింది. తర్వాత, మునిగిపోతున్నట్టు, నెమ్మదిగా కిందికి దిగడం మొదలుపెట్టింది.

నా కళ్లెదురుగా ఉన్న అమ్మాయి ముఖం నా ఛాతీ దగ్గరికి వచ్చింది. తర్వాత నడుం దగ్గరికి. మొదట్లో మెల్లగానే ఉంది, క్షణక్షణానికీ వేగం పెరుగుతోంది. ఎవరో “అమ్మో” అన్నారు. అమ్మాయి అరవలేదు. రెండో చెయ్యి స్ట్రెచరు మీది మనిషి గుండె మీద పెట్టి, నా వైపే చూస్తూ దిగిపోతోంది. నేను రెండు చేతులతో జాలీ పట్టుకుని లాగుతున్నాను, నా బలంతో లిఫ్టును ఆపగలిగినట్టు.

దబ్బుమని చప్పుడైంది. బ్రేకు పట్టేసింది. మోటారు ఆగింది. దీపాలు మామూలుగా వెలిగాయి.

పైనుంచి గూట్లో ప్రతిధ్వనిస్తూ పట్టకారు గొంతు వినిపించింది: “లాగేశా! బావా, లాగేశా! మన పిల్ల ఉందా అందులో?”

అమ్మాయే అరిచింది: “ఉన్నా మావయ్యా! బాగానే ఉన్నా! స్విచ్చు ముట్టుకోకు!”

లిఫ్టు నాలుగడుగులు కిందికి జారి రెండంతస్తుల మధ్య వేలాడుతోంది. దాని కప్పు నా నడుం ఎత్తులో ఉంది. నేల మీద బోర్లా పడుకుని, జాలీలోంచి లోపలికి చూశాను.

“నాన్నా, లేవండి,” అని కింది నుంచి కసిరింది. “కంటి ఆపరేషన్ అయినవాళ్లు తల వంచకూడదని చెప్పానా లేదా?”

“చెప్పావమ్మా.”

“మరి?”

“లేస్తాను. ముందు నువ్వు బయటికి రా.”

ఆస్పత్రి ఇంజినీరు మేడమ్ మెట్ల మీంచి పరుగున వచ్చింది. విషయం రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె ఒక్క ప్రశ్న అడిగింది: “చేత్తో తిప్పొచ్చా?” తిప్పొచ్చన్నాను. మోటారు వెనక ఒక చేతి చక్రం ఉంటుంది. ఒకరు బ్రేకును మీట వేసి కొద్దిగా వదులుతూ ఉంటే, ఇంకొకరు చక్రాన్ని పట్టుకుని, బరువు లాగినంత మేర అంగుళం అంగుళం దించాలి. చెయ్యి జారితే చక్రం ఆగదు.

“నేను మీట పడతా,” అని పైకి వెళ్లిందామె. చక్రం పట్టకారు పట్టాడు. నేను జాలీ దగ్గరే ఉండి, “వదులు… ఆపు… వదులు…” అని పైకి కేకలు పెట్టాను. ఒక్కో కేకకూ లిఫ్టు వేలెడు దిగింది. స్ట్రెచరు మీది మనిషి తాపీమేస్త్రీ అట, కడుపులో పేగు చిట్లింది. అంత నొప్పిలోనూ కళ్లు తెరిచి, “ఏమ్మా, మీ లిఫ్టు ఎక్కించేదా దించేదా?” అని అమ్మాయిని అడిగాడు.

“రెండూనండి. మీరు మాట్లాడకండి,” అంది.

పదిహేను నిమిషాలు పట్టింది. మొదటి అంతస్తు గచ్చుతో లిఫ్టు నేల సమమైనప్పుడు లిఫ్టాయన తలుపు తీసి, మొదట తను దిగకుండా, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని దించాడు. ఆరుగురు స్ట్రెచరును భుజాలకెత్తుకుని మెట్లెక్కారు. “ఈ మెట్లు ఎవడు కట్టాడోగానీ ఒకటి ఎత్తు ఒకటి పొట్టి, చూసుకోండ్రా,” అంటున్నాడు మేస్త్రీ. అమ్మాయి సీసా పట్టుకుని నా పక్కనుంచే వెళ్లింది. ఆగలేదు. వెళుతూ వెళుతూ ఖాళీ చేత్తో నా చొక్కా మీది దుమ్ము ఒక్కసారి దులిపి వెళ్లింది.

తర్వాత మోటారు గదిలోకి వెళ్లాను. వార్నిష్ కమిలిన వాసన. అలవాటు కొద్దీ మోటారు ఒంటి మీద చెయ్యి ఆనించి చటుక్కున తీసేశాను. అన్నాళ్లూ చల్లగా ఉన్నది, నిమిషం లోపు నిలబడి తోయబోయి ఇంత కాలింది. పట్టకారు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రెండు అరచేతుల్లోనూ చర్మం లేచిపోయింది. మేడమ్ తన పర్సులోంచి దూది తీసి, అతని చేతులు తుడుస్తోంది. తిట్టడానికి ఆమెకు హక్కుంది. ఆ తిట్టు రేపటికి వాయిదా వేసిందని నాకు తెలుసు. ఆ పూటకు అదే పెద్ద దయ.

“తప్పు నాది మేడమ్,” అన్నాడు పట్టకారు. “కడ్డీలు మార్చింది నేను.”

“సంతకం నాది,” అన్నాను.

“రేపు పదింటికి ఇద్దరూ రండి,” అందామె. “పాత ఇత్తడి ముక్క ఏదైనా ఉంటే తీసుకురండి.”

జేబులోంచి తీసి ఇచ్చాను. ఒకే దారానికి కట్టిన రెండు ముక్కలు. ఆమె చీటీ చదివి, “మోటార్లు రెండా? అవును. వెనక పాత బ్లాకులో ఇంకో లిఫ్టు ఉండేది. ఆ బ్లాకు పడగొట్టినప్పుడు దాని మోటారు అమ్మేశారు. నేను రాకముందు సంగతి. ఎవరు కొన్నారో కాగితాలేం లేవు,” అంది.

పట్టకారు తలెత్తాడు. ఆ చూపు చూసి నాకు మళ్లీ భయం మొదలైంది.

ఆరున్నరకు థియేటర్ నుంచి కబురొచ్చింది, మేస్త్రీకి ప్రాణాపాయం లేదని. అప్పుడు కూడా పట్టకారు ముఖం విచ్చుకోలేదు. కింద బల్ల మీద కూర్చున్నాక, కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని, నేల చూస్తూ అన్నాడు.

“బావా, మీరు కంటికి పట్టీ కట్టుకుని ఇంట్లో ఉన్న వారం గుర్తుందా?”

“ఊఁ.”

“ఆ వారం ఒక మోటారు వచ్చింది. నీలం రంగు. ఇద్దరు మనుషులు తోపుడు బండి మీద తెచ్చారు. విప్పితే అందులోనూ ఇత్తడే. కొలతలు కూడా సరిగ్గా ఇవే. అందుకే ఆస్పత్రిది రాగానే నాకు అంత కోపం వచ్చింది, ఆ దొంగ ఊరంతా ఇదే పని చేశాడని.”

“ఏం చేశావురా దాన్ని?”

“దానికీ రాగి వేశాను.”

లిఫ్టుకు ముందున్న దీపం కింద లిఫ్టాయన అట్టముక్క మీద ‘పనిచేయదు’ అని రాస్తున్నాడు. కలం సరిగ్గా పడక, ఒక్కో అక్షరం మీదా రెండేసిసార్లు దిద్దుతున్నాడు.

“ఎవరిది? ఎక్కడ పెట్టారు?”

“అడగలేదు. రాసుకోలేదు. అక్క ఉంటే రాసేది.” అతను నా వైపు తిరిగాడు. “వాళ్లలో ఒకతను మాత్రం అన్నాడు. తొందరగా చెయ్యి బాబూ, ఏడంతస్తులు, పైన అంతా ముసలివాళ్లూ పిల్లలూ అన్నాడు. నేను బిగించి తిప్పి చూపిస్తే చెయ్యి పెట్టి చూసి ఎంత సంతోషించాడో. ఎంత చల్లగా ఉందో అన్నాడు.”

లిఫ్టాయన అట్టను జాలీకి తగిలించాడు. లోపల దీపం తీశాడు. ఖాళీ పెట్టెలోకి ఒకసారి తొంగి చూసి, పైన పడుకున్నవాళ్లకు నిద్రాభంగం కాకూడదన్నట్టు, ఆ రాత్రికి తలుపును రెండు చేతులతో మెల్లగా, చప్పుడు కాకుండా మూసేశాడు.